సెలూన్ ముందు లారీ తలుపు

నేను ఒక లారీ వెనక తలుపును. గళ్ల ఇనుప రేకును కోసి, అంచులకు పట్టీలు అతికి, కందుకూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో నన్ను తయారుచేశారు. మూసుకోవడం, తెరుచుకోవడం తప్ప తలుపుకు వేరే బతుకు ఉండదనే అనుకునేదాన్ని.

మా లారీ డ్రైవరు చెంచురామయ్య. పొగాకు బేళ్లేసుకుని ఎంత దూరం పోయొచ్చినా అతను గడ్డం మాత్రం సొంత ఊళ్లో, మాల్యాద్రి సెలూన్‌లోనే గీయించుకునేవాడు. గడ్డానికి పట్టేది కాసేపే. కబుర్లకే పూట గడిచిపోయేది.

ఒక రోజు బేళ్ల మీదికెక్కి తాడు బిగిస్తుంటే అది తెగింది. చెంచురామయ్య వెల్లకిలా రోడ్డు మీద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని, ఆ తర్వాత కాళ్లు కదలలేదు. కొన్నాళ్లకు లారీ తుక్కుకు పోయింది. వెల్డింగ్ షాపు కరీముల్లా నన్ను కొని గోడకు ఆనించాడు.

అక్కడికే ఒకసారి మాల్యాద్రి వచ్చాడు. చెంచురామయ్యకు ఇంటికి వెళ్లి తనే గడ్డం గీస్తున్నాడట. అతను చక్రాల కుర్చీలో కూర్చుని, సెలూన్‌కి ఎవరొచ్చారు, ఏమన్నారు అని ఒకటే అడుగుతాడట. మొన్న మాత్రం ఇలా అన్నాడట: “నువ్వొచ్చి చెప్తే అది వార్త మాల్యాద్రీ. ఆడ కూచుని వింటేనే కబురు.”

సెలూన్‌కి ఎత్తయిన మెట్లున్నాయి. కింద మురుగుకాలవ. వాననీళ్లు లోపలికి రాకూడదని మనుషులు అంగళ్లను ఎత్తు మీద కడతారు. దాంతో ఎవరెవరు బయటే ఉండిపోతున్నారో ఎందుకు చూసుకోరన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి ఇద్దరు మనుషులు చెంచురామయ్యను కుర్చీతో సహా ఎత్తుకుని ఎక్కించారట. మళ్లీ అలా రానని అతను ఖండితంగా చెప్పేశాడట. బేళ్లు మోయించినవాడికి తనే బేలుగా మారడం ఎలా ఉంటుందో నేను ఊహించగలను.

కుర్చీ ఎక్కడానికి ఒక వాలు కావాలని మాల్యాద్రి అడిగితే, కరీముల్లా నన్ను తీసుకెళ్లి కాలవ మీదుగా సెలూన్ గడపకు ఆనించాడు. చెంచురామయ్య వచ్చాడు. వాలు నిటారుగా ఉందని ఎవరికీ తోచలేదు. మాల్యాద్రి వెనక నుంచి నెడుతుండగా సగంలో కుర్చీ వెనక్కి జారి పక్కకు ఒరిగింది. చెంచురామయ్య మోచెయ్యి నా మీదే గీరుకుపోయింది. లోపలి వాళ్లంతా బయటికి పరిగెత్తుకొచ్చారు. అతను ఎవరి ముఖమూ చూడలేదు. ఇంటికి తోలమని మాత్రం అన్నాడు.

వాలు తగ్గాలంటే నా పొడవు పెరగాలి. రోడ్డు వైపు పెంచితే బస్సులకు అడ్డం. మిగిలింది పక్కవైపు, హుసేన్‌బీ గాజుల కొట్టు ముందు నుంచి. ఆమెకూ మాల్యాద్రికీ మాటల్లేవు. కత్తిరించిన వెంట్రుకలు గాలికి తన కొట్టులోకి వస్తున్నాయని ఆమె గొడవ. అతను కొన్నాళ్లు తటపటాయించి, చివరికి వెళ్లి సంగతి చెప్పాడు.

హుసేన్‌బీ గాజుల దండలు సర్దుతూ అంతా విన్నది. “ముసలోళ్లు నా మెట్లెక్కలేక రోడ్డు మీద నుంచే గాజులడుగుతుండారు. చెయ్యి పట్టుకుని చూడకుండా గాజులెట్టా తొడిగేది? నా గడప కూడా కలుపుకుని వెయ్యండి,” అన్నది. ఆగి, “వెంట్రుకలు మాత్రం ఇటు ఊడవమాక,” అన్నది.

కరీముల్లా నాకు ఇంకో రేకు అతికాడు, పట్టుకోవడానికి పక్కన కమ్మీ పెట్టాడు. నేను రెండు అంగళ్ల ముందూ మెల్లగా ఎక్కే దారినయ్యాను. గాజుల కోసం వచ్చే ముసలమ్మలు నన్ను పట్టుకుని ఎక్కుతున్నారు. చెంచురామయ్య మాత్రం రాలేదు. మళ్లీ పడితే నలుగురూ చూస్తారని భయం. అప్పుడు మాల్యాద్రి ఒక పని చేశాడు. అతని ఇంటికి వెళ్లి గడ్డం గీయడం మానేశాడు. గడ్డం కావాలంటే అంగడి తెరిచే ఉంటుందని కబురు పంపాడు.

చెంచురామయ్య అలిగాడు. గడ్డం మాసింది, పెరిగింది, దురద పెట్టింది. ఒక ఉదయం భార్య వెంగమ్మ కుర్చీ తోసుకుంటూ అతన్ని తీసుకొచ్చింది. నా దగ్గరికి రాగానే కుర్చీ మీంచి చేతులు తీసెయ్యమన్నాడు. తనే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కసాగాడు. సగంలో కమ్మీ పట్టుకుని ఆగాడు. అతని ఊపిరి నాకు వినబడుతోంది. వెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. రావద్దని మాల్యాద్రి ముందే చెప్పి ఉంచాడు.

అతను మళ్లీ చక్రాలు పట్టాడు. గడప దాటాడు.

మాల్యాద్రి తిరిగి కూడా చూడకుండా అన్నాడు: “కూచో మామా, నీ ముందు ఇద్దరుండారు.”

“కూచునే ఉండా గదరా,” అన్నాడు చెంచురామయ్య.

అందరికన్నా ముందు అతనే నవ్వాడు. వెంగమ్మ కళ్లు తుడుచుకుని కూరగాయల బజారు వైపు వెళ్లిపోయింది.

కాసేపటికి లోపల్నుంచి అతని గొంతు పెద్దగా వినిపించింది. ఎవరో వరస తప్పి ముందు కూర్చోబోయారట. తన వంతు తనకే కావాలని చెంచురామయ్య తగాదా పెట్టుకున్నాడు.