మంచు కింది చమురుకు అంచనా

ఉత్తర ధ్రువం దగ్గర, ఇంతవరకు ఎవరూ బావి తవ్వని మంచు సముద్రం అడుగున చమురెంత ఉందో, కువైట్‌లో షర్క్ ప్రాంతపు ఏసీ గదిలో కూర్చుని తేల్చడం దేవేందర్ ఉద్యోగం. చేతిలో ఉన్నవల్లా ఓడ మీద నుంచి జరిపిన సర్వే చిత్రాలు కొన్ని, అలాంటి నేలే ఉన్న వేరే చోట్ల బావుల వివరాలు. తక్కినది ఊహ. ఊహ కాబట్టే ఆ పనికో కట్టుబాటుంది. జట్టులో ప్రతివారూ పక్కవాడి మాట వినకముందే తమ అంచనా చీటీ మీద రాసివ్వాలి.

ఆ రోజు చీటీలు పంచకముందే, మేనేజరు సురేష్ బాబు టీ కప్పుతో వచ్చి తన అంకె పైకి చెప్పేశాడు. తక్కినవాళ్లు రాసినవన్నీ ఆ అంకె చుట్టూనే చేరాయి. దేవేందర్ ఒక్కడే బాగా తక్కువ రాశాడు. అసలేమీ దొరకకపోయే అవకాశమే ఎక్కువని, వచ్చే వేసవిలో మరో సర్వే చేయాలని కింద చేర్చాడు.

"జగిత్యాలలో ఫ్రిజ్‌లో తప్ప మంచు చూశారా, దేవేందర్ గారూ?" అన్నాడు సురేష్ బాబు. అందరూ నవ్వారు.

"మీ అమలాపురంల చూసిన్రా సార్?"

సురేష్ బాబు టీ కప్పు కింద పెట్టేశాడు.

తర్వాత వరండాలోకి పిలిచి సురేష్ బాబు మెత్తగానే మాట్లాడాడు. వచ్చే నెల దేవేందర్ ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ముగుస్తుంది, పాప చదువు సగంలో ఉంది, మంచి కబురు తెచ్చినవాళ్లకే కంపెనీ యజమాని అయిన కఫీల్ దాని పొడిగింపు మీద సంతకం పెడతాడు.

హవల్లీలోని తమ ఫ్లాటులో దేవేందర్ భార్య భాగ్యలత అంతా విన్నది.

"ఏది రాస్తే నౌకరి ఉంటది? ముందుగాల అది చెప్పు."

"వాళ్లు చెప్పింది రాస్తే."

"ఇంకేంది మరి," అని ఆమె చేపలు కడగడానికి లేచింది.

మర్నాడు దేవేందర్ నివేదికలో పెద్ద అంకె వేసి, అనుమానాలన్నీ కొట్టేసి, కింద సంతకం చేశాడు. నెల తిరగకముందే కఫీల్ ఆ నివేదిక చూపించి ఆ మంచు సముద్రపు చమురులో తన వాటా అమ్మేశాడు. సురేష్ బాబు అదే యజమాని బిల్డింగుల కంపెనీకి మారాడు. ఇఖామా సంగతేమిటని దేవేందర్ అక్కడికే వెళ్లి అతన్ని అడిగాడు.

"కొనేవాడు దొరికాక ఇంకా వెతకడమెందుకండీ? పని ఖలాస్."

ఆ సాయంత్రం భాగ్యలత ఒక్కటే అడిగింది. "నువ్వు ముందు రాసిందే ఉంచితే ఏమైతుండె?"

"ఎవ్వడు కొనకపోతుండె. ఇంకో సర్వే చెయ్యమంటుండె. పనుంటుండె."

ఆమె స్కూలుకు తిరిగి ఇవ్వాల్సిన పాప పుస్తకాలు ముందేసుకుని, ఒక్కొక్కదాని అట్ట విప్పడం మొదలుపెట్టింది.