దాత పేరు మోసిన అద్దం

నేను ఒక అద్దాన్ని. మొహం చూసుకునే రకం కాదు. క్వారీ పక్క చర్చిలో తూర్పు గోడంతా నేనే. కొలిమిలో కరిగించి, పలకగా సాగదీసి, అంచులు కోసి నన్ను పంపారు. ఇక బాధలు తీరాయనుకున్నాను, పిచ్చిదాన్ని.

నక్షా గీసిన శరణ్య మేడం వేదిక వెనక బొమ్మలేవీ పెట్టనివ్వలేదు. కొండ కనపడాలి, కొండ మీదుగా వెలుగు రావాలి, అద్దం మీద గీత కూడా గీయొద్దు అని చెప్పి వెళ్లింది. ఆమె బస్సెక్కగానే పెయింటరు దిగాడు. మనవాళ్లు ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద పేరు రాయిస్తారు. ఇంత అద్దమిచ్చిన సంఘపెద్ద దైవాశీర్వాదం గారు ఊరుకుంటారా? జానెడేసి నల్లటి అక్షరాలతో తన పేరు నా ఒంటి మీద ఎక్కించుకున్నారు.

ఆ కొండ క్వారీ కూడా ఆయనదే. రాళ్లు పగలగొట్టే తూటా పేలినప్పుడల్లా చట్రంలో గజగజలాడేదాన్ని. ఏడేళ్లలో కొండ సగమైంది. మునుపు ఎండ కొండ దాటి వచ్చేసరికి పదయ్యేది, పేరు నీడ వేదిక వెనకే పడేది. తర్వాత ఎనిమిదికే ఏటవాలుగా వచ్చి, నీడ జనం కూర్చునే దాకా సాగేది. ఆ వేళకు ఆరాధన ఉండదు గనక ఎవరూ చూడలేదు.

ఒకరోజు హెచ్చరిక విజిల్ వేయకుండానే తూటా పేల్చారు. పిడికిలంత రాయి ఎగిరొచ్చి క్వారీలో రాళ్లు కొట్టే జెకర్యా తల పగలగొట్టింది. రక్తం బండల మీద పారడం నాలోంచి ఖాళీ చర్చి మొత్తానికీ కనపడింది. నాకు కళ్లు మూసుకునే వీలు లేదు.

మర్నాడు ఎనిమిదింటికి శవపేటిక తెచ్చి, మూత తీసి వేదిక ముందు పెట్టారు. ముందు వరసలో దైవాశీర్వాదం గారు తెల్ల చొక్కాతో కూర్చున్నారు. ఎండ వచ్చింది. నల్లటి అక్షరాలు తలకిందులుగా జెకర్యా గుండెల మీద పరుచుకున్నాయి.

"నా మొగుడి మీద ఆ రాతేంది అయ్యగారూ?" వెనక వరసలోంచి అడిగింది జెకర్యా భార్య సలోమి. ఆమెకు చదువు రాదు.

పాస్టరు బైబిలు మూశాడు. "దాత పేరమ్మా."

"ఎవురా దాత?"

పాస్టరు చూపు ముందు వరసకు పోయింది. సలోమి కొంగు ముడి విప్పింది. అందులో జెకర్యాను చంపిన రాయి ఉంది.

"సచ్చినోడి మీద గూడా పేరు రాయించుకుంటావంటయ్యా!"

రాయి దైవాశీర్వాదం గారి చెవి పక్కగా దూసుకొచ్చి నన్ను కొట్టింది. వెయ్యి ముక్కలై కుప్పకూలాను. దైవాశీర్వాదం గారి చెంప కోసింది నేనే. తప్పని నాకు అనిపించలేదు. జెకర్యా మీద ఒట్టి ఎండ పడింది.

ఇప్పుడు చర్చి వెనక పెంకుల కుప్పలో ఉన్నాను. కొత్త అద్దం బిగించారు. దాత ఆయనే, పేరు మాత్రం రాయించలేదు. ప్రతి ఆదివారం ఆయన వెనకే సలోమి కూర్చుంటోందట. కొంగున మళ్లీ ముడి ఉందట.