తీసేయాల్సిన పేరు

“పుణె వెళ్లే ప్రయాణికురాలు బానోత్ తారి, వెంటనే పదహారో గేటుకు రాగలరు.”

రెండోసారి పిలిచారు. తన పాసు చూపించి వచ్చి గేటుకు ఎదురుగా కూర్చున్న ప్రేమ్‌సింగ్ సారు లేచి, ఆమె తన భార్య అనీ, ఇక రాదనీ చెప్పాలి. తారి పోయి మూడు నెలలైంది. కానీ ఆయన కదలలేదు. ఆ పేరును ఇంతమంది మధ్య, ఇంత గట్టిగా ఎవరైనా పిలవగా ఆయన ఎన్నడూ వినలేదు.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఒక్కసారీ పిలవలేదు. వాళ్ల తండాలో భార్యాభర్తలు ఒకరి పేరు ఒకరు ఎత్తరు. ఇంట్లో ఆమెను ‘ఇగో’ అనేవాడు. మరిపెడ బడిలో హాజరు తీసేటప్పుడు, తారి అనే పిల్ల ఉంటే నంబరుతో పిలిచేవాడు. మహబూబాబాద్‌లో మరణ ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు కూడా పేరు చీటీ మీద రాసిచ్చాడు.

మూడేళ్ల కిందట పాలపిట్ట ఎయిర్‌లైన్స్ కొత్తగా మొదలైనప్పుడు దానికి రెండే విమానాలు. తండా పిల్ల స్పందనకు అందులో ఉద్యోగం వచ్చింది. సెలవుకు వస్తే ఆ ముచ్చట్లే.

“టికెట్ చూసేది నేనే, మైకుల పిలిచేది నేనే, సీట్ల కింద ఊడ్చేది నేనే సార్. దిగిన విమానం ఇర్వై అయిదు నిమిషాలల్ల మళ్ల లేవాలె. నిలవడితే మాకు గిట్టదు.”

తారి నవ్వింది. “దసరానాడు పాలపిట్ట కనవడితేనే మంచిదంటరు. మనం ఎక్కే కూసుందం.”

పుణెలో మేస్త్రీ పని చేసే తమ్ముడు జాల్యాను చూడాలని ఆమె ఆశ. నిరుడు చివర్లో టికెట్లు చౌకగా ఇస్తే, పది నెలల ముందే రెండు కొన్నారు. ఇప్పుడు ఆ కంపెనీకి ఇరవై విమానాలు. నిన్న నెట్ సెంటర్‌లో ఇద్దరికీ బోర్డింగ్ పాసులు తీసి చేతికిచ్చారు. ఒకటి చాలని ఈయన అనలేదు.

మూడోసారి పిలిచారు. ఆ వెనకే స్పందన పరుగున వచ్చింది. ఇప్పుడు ఆమె ఇక్కడ సూపర్‌వైజర్.

“సార్! మీరేనా? ఒక్కలే కూసున్నరేంది? యాడి ఏది?” తండా పిల్లలంతా తారిని యాడి అనే పిలిచేవారు, అమ్మ అని. “చాయ్ తాగనీకి పోయిందా? జర జల్ది రమ్మనుండ్రి. యాడి కోసం పైలట్‌ను బతిమాలుత గని, మా పైలట్లు గడియారం మాటే ఇంటరు.”

“రాదు బిడ్డా. శ్రావణంల జరమొచ్చింది. వరంగల్ దవాఖానకు తీస్కపోయినం.” ఆయన చేయి జేబులోని రెండో పాసు మీదికి పోయింది.

స్పందన పక్క కుర్చీలో కూలబడింది. “నాకెవ్వలు చెప్పలే సార్. ఏడాదాయె ఇంటికి రాక. విమానాలు పెరిగినయి, సెలవులు పోయినయి.”

వాకీటాకీ పట్టుకుని నరేందర్ అనే ఉద్యోగి వచ్చాడు. “మేడమ్, ఈ సారు గాక ఇంకొకరు తక్కువున్నరు. లిస్టుల తీసేయాల్సిన పేరేంది?”

సారు జేబులోంచి రెండో పాసు తీసి చాచాడు. నరేందర్ చూడలేదు, వాకీటాకీ ఆయన నోటి దగ్గరికి తెచ్చాడు.

“చదువుండ్రి సార్, లోపలోళ్లు ఇంటున్నరు.”

“నేను చెప్త,” అని స్పందన లేవబోయింది. ఆయన చేత్తో వారించాడు.

“తారి,” అన్నాడు. బడిలో జవాబు కోసం ఆగినట్టే కాసేపు ఆగాడు. “బానోత్ తారి. రాలేదు.”

అవతల ఎవరో ఆ పేరు తిరిగి చెప్పి, తీసేశామన్నారు.

స్పందన గేటు దాకా ఆయన సంచీ మోసింది. గేటు దాటి పది అడుగులు వేశాక, వెనక మైకు మళ్లీ పలికింది. ఆయన నిలబడి విన్నాడు. వేరే ఊరు, వేరే పేరు.