పది చుక్కల నీలం

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథలో తప్పు చేసిన పిల్లంటే నాకు పక్షపాతం. మధ్యలో ఎక్కడైనా వెనకేసుకొస్తే సర్దుకుపోండి.

ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఇతరులు కట్టినదాంట్లో తప్పులు వెతకడానికే జీతమిస్తారు. ఆ అలవాటు సాయంత్రం కంప్యూటర్‌తో పాటు ఆగదు. పాలవాడయ్యాడు, ప్లంబరయ్యాడు, ఇప్పుడు తేనె బాబాయ్ వంతు.

బాబాయ్ అంటే చుట్టమేం కాదు. వాళ్ల మేడ మీద నాలుగు తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న మనిషి. ఈగలు కుడతాయని అంతకుముందు రెండిళ్లవాళ్లు పొమ్మన్నారు. టెస్టర్ వాళ్లమ్మ చోటిచ్చింది. ఇదీ పోతే ఆయనకి పెట్టెలు పెట్టుకునే జాగా లేదు. వేసవిలో ఆయనిచ్చిన తేనెని అమ్మ రొట్టె మీద పోసుకుని, చెంచా నాకి, చివరికి మూత కూడా నాకింది. టెస్టరూ నాకింది, అనుమానిస్తూనే.

వానలు పట్టాక బాబాయ్ పంచదార సంచి భుజాన వేసుకుని, పైన తువ్వాలు కప్పి మెట్లెక్కడం చూసింది. ఒకసారి కాదు, వారం వారం.

"అమ్మా, పంచదార పైకెళ్తోంది, తేనె కిందికొస్తోంది. మధ్యలో ఏం జరుగుతోందో అర్థం కావట్లేదా?"

"పాకం కాచి ఈగలకి పెడతాడటే. వానల్లో పూలుండవుగా."

"ఆయన చెప్పాడు, నువ్వు నమ్మావు."

"నీ అనుమానం పాడుగాను! పుట్టగానే డాక్టర్ని చేతులు కడుక్కున్నావా అని అడిగుంటావు."

"మోసమని నిరూపిస్తే పెట్టెలు దించేయిస్తావా?"

"దించేయిస్తా. ముందు నిరూపించు."

ఆ మాటే చాలింది. బాబాయ్ పాకం పోసి వెళ్లాక హెల్మెట్, రెయిన్‌కోటు, అంట్లు తోమే గ్లవ్స్ తగిలించుకుని పైకెక్కింది. చివరి పెట్టె మూతెత్తి, పాకం గిన్నెలో కేకుల్లో వేసే నీలం రంగు పది చుక్కలు వేసింది. తేనెలో నీలం కనిపిస్తే దొంగ దొరికినట్టే. గ్లవ్‌కీ కోటుకీ మధ్య సందులో ఒక ఈగ కుట్టింది. ఇస్త్రీపెట్టె తగిలిందని అమ్మకి చెప్పింది. అబద్ధాలు పట్టుకునే పనిలో మొదటి అబద్ధం తనదే.

ఎండలొచ్చాయి, పూలు పూశాయి. ఒక ఉదయం బాబాయ్ ఈగలకి పట్టే పొగడబ్బా, తేనెతెట్టె కోసే కత్తి పట్టుకుని వచ్చాడు. అమ్మ పళ్లెంతో, టెస్టర్ ఫోన్లో వీడియో ఆన్ చేసుకుని తయారు. మూడు పెట్టెల పైఅరల్లో మేలిమి బంగారంలాంటి తేనె. నాలుగోదాంట్లోనూ అంతే. అమ్మ అప్పుడే ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"కింది అర కూడా తెరవండి బాబాయ్."

"అది వాటి తిండమ్మా. నేను ముట్టుకోను."

"ఒక్కసారి."

తెరిచాడు. తెట్టె నిండా నీలం మచ్చలు. పైన ఒక్క చుక్క లేదు. పాకం ఈగలకే పోయింది, తేనె మనుషులకొచ్చింది. టెస్టర్‌కి అర్థమయ్యేలోపే బాబాయ్ మొహం పాలిపోయింది.

"మందు! ఎవరో పురుగులమందు పోశారు! అక్కా, ఊసెయ్యండి, ఊసెయ్యండి!"

అమ్మ గోడవార ఊసేసింది. ఆయన పళ్లెం లాక్కుని పక్కింటి మేడకేసి చూశాడు.

"ఆ మాస్టారే. మొన్న ఈగ కుట్టిందని అరిచాడు. ఆయన్ని కడిగేసొస్తా. రేపు నాలుగు పెట్టెలూ ఎత్తేస్తా."

"ఎక్కడ పెడతావు తమ్ముడూ?"

"ఎక్కడో. ఈగల్ని చావనివ్వను కదా."

ఆయన మెట్ల దాకా వెళ్లాడు. టెస్టర్ అడ్డం నిలబడింది.

"మాస్టారు కాదు బాబాయ్. నేనే. కేకు రంగు."

వంటింట్లోంచి సీసా తెచ్చిచ్చింది. ఆయన దాన్ని దూరంగా పెట్టి చదివాడు, వాసన చూశాడు, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

"అడిగుంటే నేనే తెరిచి చూపించేవాణ్ణి కదమ్మా," అన్నాడు నీలం నాలుకతో.

"అడిగితే అబద్ధం చెప్తారేమో అని..."

అమ్మ గట్టిగా గిల్లింది. "నిరూపించావుగా. సంతోషమా?"

నాలుగో పెట్టె తేనె మొత్తం ఆయన పక్కన పెట్టేశాడు. రంగే అయినా సరే, ఆ పెట్టెలోది తేనె అని చెప్పి ఒకరికి ఇవ్వలేనన్నాడు. పెట్టెలు మాత్రం ఉండిపోయాయి. మర్నాడు నాలుగింటికీ తాళాలు పడ్డాయి. "మీ దగ్గరే ఉంచండక్కా," అని తాళంచెవులు అమ్మ చేతిలో పెట్టాడు, టెస్టర్ వైపు చూడకుండా.

ఆమె ఆఫీసంతా తిరిగి పన్నెండు సీసాలకి ఆర్డర్లు తెచ్చింది. ఆయన తీసుకున్నాడు, థ్యాంక్స్ కూడా చెప్పాడు. తాళాలు తీయలేదు.

మీరెప్పుడైనా మంచి మనిషికి ఇలా పరీక్ష పెట్టి, తర్వాత మొహం చూపించలేక తిరిగారా? ఆ మనిషి మళ్లీ తాళం ఎన్నాళ్లకి తీశారో, మీరేం చేస్తే తీశారో చెప్పండి. ఆమె అడగమంది.