ఏడో నంబరుకి మేలుకొలుపు

ఊరందరినీ నిద్ర లేపే మనిషికి కన్నకూతురి ముచ్చట్ల దగ్గరే నిద్ర ముంచుకు రావడం దేవుడి వేళాకోళం కాకపోతే మరేమిటి?

విమానాశ్రయానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక లాడ్జిలో ఆయన రాత్రి గుమాస్తా. రాత్రి ఎనిమిదికి కుర్చీలో కూర్చుంటే మళ్లీ పొద్దున ఎనిమిదికే లేవడం. ఆ లాడ్జిలో దిగేవాళ్లలో ముప్పాతిక మంది తెల్లవారుజామున విమానం ఎక్కాల్సినవాళ్లే. సామాను ఇంకా కింద పెట్టకముందే, మూడింటికి లేపండి, మర్చిపోకండి అంటారు. ఇరవై రెండేళ్లలో ఆయన లేపడం మర్చిపోవడం వల్ల విమానం పోగొట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. అందుకే లాడ్జిలో అందరూ ఆయన్ని అలారంగారు అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

లేపడంలో ఆయనకొక పద్ధతి ఉంది. మూడుసార్లు ఫోన్ చెయ్యాలి. ఎత్తకపోతే మెట్లెక్కి వెళ్లి తలుపు కొట్టాలి. ఎత్తి "ఊఁ" అంటే అది లెక్కలోకి రాదు, నిద్రలో ఎవడైనా "ఊఁ" అంటాడు. "మీకు ఎదురుగా ఏం కనబడుతోంది?" అని అడగాలి. బీరువా అనో కిటికీ అనో జవాబొస్తే మనిషి లేచినట్టు, పుస్తకంలో టిక్కు పెట్టొచ్చు. ఒంటరిగా వచ్చి గది తీసుకున్న పెద్దమనిషి ఒకాయన ఒకసారి, "మా ఆవిడ" అన్నాడు. అలారంగారు మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేసి, వెళ్లి తలుపు బాదాడు.

ఇంత మొనగాడూ పొద్దెక్కితే దేనికీ పనికిరాడు. ఇంటికొచ్చి పక్క మీద వాలితే నెత్తిన పిడుగు పడ్డా తెలియదు. పగటిపూట ఎక్కడికి తీసుకెళ్లినా కుర్చీలో ఉంటాడుగానీ ఈ లోకంలో ఉండడు. కూతురు ఐదో తరగతిలో ఉండగా బడి నాటకంలో రాణి వేషం వేసింది. రాణి ప్రాణం పోయే ఘట్టంలో రెండో వరసలోంచి ఆయన గురక వినబడి జనమంతా నవ్వారు. చచ్చిపోయిన రాణి కూడా నవ్వింది. పదో తరగతిలో బహుమతులిచ్చిన రోజున హెడ్మాస్టరు దగ్గరికొచ్చి మీ అమ్మాయి బంగారమండీ అని చెప్పింది ఆయన భుజంతోనే, తల అప్పటికే కుర్చీ వెనక్కి వాలిపోయి ఉంది. పిల్ల ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆయనకి ముల్లులా గుచ్చుకునేది.

ఇప్పుడా పిల్ల పశువుల డాక్టరు చదువు ముగించింది. తరగతి మొత్తానికి మొదటిదిగా వచ్చి పతకం తీసుకోబోతోంది. పట్టాలిచ్చే సభ వేరే ఊళ్లో, పొద్దున పదింటికి. పిల్ల ఫోన్ చేసి అన్నీ చెప్పి, చివర్లో, "రాలేకపోతే ఫర్వాలేదు నాన్నా. వచ్చి మాత్రం నిద్రపోకు" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు చివర గొంతు కొంచెం తడబడింది. ఆ తడబాటు వారం రోజులుగా ఆయన్ని అన్నం తిననివ్వలేదు.

ఆ ఊరికి రోజుకి ఒకే విమానం, అదీ పొద్దున ఐదుంబావుకి. యజమాని ఒక్క రాత్రి సెలవిచ్చాడు. అంతకు మించి ఇస్తే లాడ్జి మునిగిపోతుందని యజమాని నమ్మకం. అలారంగారి నమ్మకమూ అదే కాబట్టి పేచీ రాలేదు. భార్య నాలుగు రోజుల ముందే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇక తేలాల్సింది ఒక్కటే, ఆ రాత్రి ఈయన్ని ఎక్కడ పడుకోబెట్టాలి? రాత్రి పడుకుంటే పగలు మెలకువగా ఉండొచ్చు, లోకమంతా చేసేది అదే. ఇరవై రెండేళ్లుగా ఈయన చెయ్యనిదీ అదే.

దీని మీద లాడ్జి ఆఫీసు గదిలో ఒక సాయంత్రం సభ జరిగింది. భార్య ఫోన్‌లోంచే అధ్యక్షత వహించింది. సొంత ఇల్లు ఊరికి అటు చివర, అక్కణ్ణుంచి బయల్దేరాలంటే రాత్రి రెండింటికి టాక్సీ దొరకాలి, కుదరదంది. పరుపుల దుకాణం ఉన్న బావమరిది తన దుకాణంలో పడుకోమన్నాడు. తొమ్మిదంగుళాల పరుపు, నడుముకి వేరుగా ఊతం, విమానాశ్రయం రోడ్డు మీదే. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు, దానికి పరుపెందుకయ్యా అన్నాడు యజమాని. బావమరిది మొహం మాడ్చుకుని, ఇలాంటి సామెతల వల్లే తన వ్యాపారం ఇలా అఘోరించిందన్నాడు. అయినా ఆ పరుపు ఉన్నది రోడ్డు వైపు అద్దాల గదిలో. దారిన పోయే ప్రతివాడూ ఆగి మా ఆయన్ని గుడ్లప్పగించి చూడాలా అని భార్య అడిగేసరికి ఆ ప్రతిపాదన వీగిపోయింది. విమానాశ్రయంలోనే కూర్చుంటానని అలారంగారు అన్నాడుగానీ, కూర్చుంటే ఈయన నిద్రపోడని, పైగా పక్కనున్న ప్రయాణికులందర్నీ లేపుతూ తిరుగుతాడని అందరికీ తెలుసు.

సభకి ముగింపు పలికింది టెలిఫోన్ ఆవిడ. లాడ్జిలో పగటి గుమాస్తా ఆవిడే. పూర్వం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి, రూలంటే ప్రాణం. ఆ రాత్రి అలారంగారి బదులు కూర్చోబోయేది కూడా ఆవిడే.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ వ్యవహారం," అంది. "విమానాశ్రయం పక్కన ఇంత లాడ్జి ఉంది, ఏడో నంబరు ఖాళీగా ఉంది. సార్‌ని అందులో పడుకోమనండి. మూడింటికి నేను లేపుతాను."

కాసేపు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అలారంగారు మాత్రం పద్ధతులన్నీ రాసిన నోటుపుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టి, ఎదురుగా ఏం కనబడుతోందన్న ప్రశ్న రెండుసార్లు వల్లె వేయించాడు.

ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి బావమరిది దుకాణంలోంచి ఒక తలగడ తెచ్చి, దాని గుణగణాలు వర్ణించి వెళ్లాడు. అలారంగారు పడుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ లాడ్జి మంచం మీద నడుం వాల్చడం అదే మొదలు. ఫ్యాను టకటకమంటోంది. ఆ ఫ్యాను గురించి ఫిర్యాదు చేసిన వాళ్లందరికీ దాని చప్పుడే అంతండీ, కాసేపటికి అలవాటైపోతుంది అని చెప్పి పంపింది తనే. ఒక్కొక్కళ్లకీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాడు. తొమ్మిదింటికి భార్య ఫోన్ చేసి నిద్రపట్టిందా అని అడిగింది. పదింటికి చేసి, ఇంకా పట్టలేదా అంది. పదకొండింటికి, అసలు నా ఫోన్ వల్లే మెలకువ వస్తోందా ఏమిటండీ అని కనుక్కోవడానికి చేసింది.

ఆ తర్వాత కింద కౌంటరు మీద గంట మోగడం మొదలైంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈయనది పుట్టుకతో వచ్చింది కాదుగానీ అంతకంటే గట్టిగా పట్టుకుంది. గంట మోగగానే కాళ్లు వాటంతటవే నేల మీదికి దిగాయి. కిందికి వెళితే టెలిఫోన్ ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, "ఏడో నంబరుగారూ, పైకి వెళ్లండి" అంది. రెండోసారి వెళితే వేలు మాత్రం చూపించింది. మూడోసారి రెండున్నర దాటాక వెళ్లాడు. కౌంటరు దగ్గర ఎవరూ లేరు. పన్నెండో నంబరు గదిలో కుళాయి ఊడి నీళ్లు చిమ్ముతున్నాయని ఆవిడ తువ్వాళ్లు పట్టుకుని పరుగెత్తింది. అంతలో ఫోన్ మోగింది. ఆవిడ వచ్చేదాకా చూద్దామని అలారంగారు కుర్చీలో కూర్చున్నాడు.

కూర్చోవడమే తడవు, తను ఎవరో మర్చిపోయాడు. అంటే, తనెవరో అప్పుడే గుర్తొచ్చిందని కూడా అనొచ్చు. ఫోన్‌లో జవాబు చెప్పాడు, ఆలస్యంగా దిగిన ఇద్దరికి గదిచ్చాడు, తాళాల బల్ల సర్దాడు. మూడింటికి పుస్తకం దగ్గరికి లాక్కుని వేకప్ కాల్స్ మొదలెట్టాడు. మూడో నంబరాయన బీరువా కనబడుతోందన్నాడు. పద్నాలుగో నంబరావిడ మీ ఫ్యాను కనబడుతోంది, వినబడుతోంది కూడా అంది. ఏడో నంబరు ఎత్తలేదు.

రెండోసారీ ఎత్తలేదు. మూడోసారీ ఎత్తలేదు. అలారంగారికి ఒళ్లు మండింది. పుస్తకంలో చూస్తే ఆ ఏడో నంబరుకి మూడింటికి ఒకటీ, అదే పేజీ చివర పొద్దున పదకొండుంబావుకి ఇంకొకటీ రాసి ఉంది. విమానం ఎక్కి వెళ్లిపోయే మనిషికి పదకొండుంబావుకి మళ్లీ వేకప్ కాలేమిటి? ఎంత మొద్దు నిద్ర మనిషైతే రెండేసి రాయించుకుంటాడు? ఇలాంటివాళ్లకి విమానాలెందుకు, ఇంట్లో పడుకోక అని గొణుక్కుంటూ మెట్లెక్కాడు. తలుపు తట్టాడు, కొట్టాడు, ఆఖరికి బాదాడు.

"సార్, మూడు దాటింది. మీ విమానం మీకోసం ఆగదు," అన్నాడు.

పన్నెండో నంబరులోంచి తడిసిన తువ్వాళ్లతో బయటికొచ్చిన టెలిఫోన్ ఆవిడ అక్కడే ఆగిపోయింది.

"లోపల ఎవరున్నారు సార్?" అంది నెమ్మదిగా.

"ఎవడోనమ్మా, బొత్తిగా బాధ్యత లేని మనిషి."

ఆవిడ ఆయన చొక్కా జేబు వైపు చూసింది. జేబులోంచి తాళంచెవి బిళ్ల వేలాడుతోంది. దాని మీద ఏడు అంకె ఉంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది అలారంగారి పని. కింద టాక్సీ హారన్ మోగింది. ఆ రెండో వేకప్ కాల్ సంగతి ఆలోచించే వ్యవధి లేకుండా పెట్టె తీసుకుని పరుగెత్తాడు.

విమానం తప్పలేదు. కానీ ఆయన కంటి మీద కునుకు పడలేదు, అసలు భయం అదే. విమానంలో కళ్లు వాలబోతే, ఈ గంటన్నరా పడుకుంటే మళ్లీ లేవనేమోనని తొడ గిల్లుకుంటూ కూర్చున్నాడు. సభకి చేరేసరికి కళ్లు చింతనిప్పులయ్యాయి. మూడో వరసలో భార్య చోటు పట్టి ఉంచింది. ఆయన తూలితే గిల్లడం తన బాధ్యతని ముందే చెప్పింది. గిల్లుడుకని వేళ్లు కూడా సిద్ధంగా పెట్టుకుంది. పాపం, ఆవిడా రాత్రంతా ఈయన నిద్ర గురించే మేలుకుని ఉంది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, ముఖ్య అతిథి గొంతు జోలపాటలా సాగుతోంది. పదిన్నరకల్లా ఆవిడ తల ఆయన భుజం మీద వాలింది. భుజం కదిపితే లేస్తుందేమోనని ఆయన కదల్లేదు. కదలకుండా కూర్చున్న మనిషికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

జేబులో ఫోన్ మోగింది. ఆయనకి తెలియలేదు. మళ్లీ మోగింది. వెనక వరసవాళ్లు ముందుకు వంగి చూశారు. మూడోసారి మోగేసరికి, ఇరవై రెండేళ్లుగా ఏ ఫోనూ ఊరికే మోగనివ్వని చెయ్యి కళ్లకంటే ముందు లేచింది. చేత్తో పాటు మనిషీ లేచి నిలబడ్డాడు.

"రిసెప్షన్, చెప్పండి," అన్నాడు. ఆ గొంతు హాలంతా వినబడింది.

"రిసెప్షన్ నేను సార్," అంది టెలిఫోన్ ఆవిడ. "మీరు ఏడో నంబరు. పదకొండుంబావైంది, వేకప్ కాల్."

"నేను రాయించలేదమ్మా."

"మీరు కాదు. మొన్న మీ అమ్మాయి ఫోన్ చేసి రాయించింది. మా నాన్న రాత్రి పడుకోడు, నాకు తెలుసు, నా వంతు వచ్చేవేళకి మీరే లేపాలి అంది."

రాత్రంతా కూర్చున్నందుకు ఆ పగలు ఆవిడకి సెలవు, డ్యూటీ ఎనిమిదింటికే అయిపోయింది. అయినా ఇంటికి వెళ్లలేదని ఆయనకి అప్పుడు తట్టింది. "ఊఁ," అన్నాడు.

"ఊఁ అంటే లెక్కలోకి రాదు సార్," అంది ఆవిడ. "పద్ధతి ప్రకారం అడుగుతున్నాను. మీకు ఎదురుగా ఏం కనబడుతోంది?"

ఆయన కళ్లు తుడుచుకుని చూశాడు. వేదిక మీద నల్ల గౌను వేసుకున్న ఒకరి మెడలో ఎవరో పతకం వేస్తున్నారు. మెడ వంచిన ఆ మనిషి పతకం వంక చూడటం లేదు. అందరూ కూర్చుని ఉన్న హాల్లో, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని కళ్లు రెండూ తెరిచి నిలబడ్డ ఒకే ఒక్క మనిషిని చూసి నవ్వుతోంది.

"మా అమ్మాయి," అన్నాడు.

అవతల పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు వినబడింది.

"సరే సార్, టిక్కు పెట్టేశాను," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.