నళిని ఊపిరి మీద పంచాయితీ

మనవరాలు మీనా పుట్టిన నెలకే మా అమ్మాయి నళినికి కాలు వాచింది. ఆ కాలిలోని నెత్తురు గడ్డలు ఊపిరితిత్తుల్లోకి పోయి, కరగకుండా అక్కడే గట్టిపడ్డాయి. ఆ సంగతి తెలియక పిచ్చిపిల్ల రెండేళ్లు ఆస్తమా మందులు మింగింది. ఎనభై ఆరులో, గుండెలోకి సన్నటి గొట్టం పెట్టి ఫిల్ములు తీస్తే గానీ అసలు జబ్బు బయటపడలేదు. ఆ గొట్టానికి నళిని అల్లాడిపోయింది. గడ్డలు పెద్ద నాళాల్లో ఉంటే కోసి తీయవచ్చునట, చివరి సన్న కొమ్మల్లో ఉంటే కత్తి అందదట. కాలిఫోర్నియా సర్జను ఆ ఫిల్ములు చూసి, అందేలాగే ఉంది, వస్తే మళ్లీ గొట్టం పెట్టి చూసి తేలుస్తానన్నాడు. ప్రాణానికి ప్రమాదం లేదని మాత్రం చెప్పలేనన్నాడు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

దాంతో మా అల్లుడు శ్యామ్‌సుందర్ చికాగో పక్కన మేముండే నేపర్‌విల్‌లోని మన తెలుగు డాక్టర్లను భోజనానికి పిలిచాడు. ఇక్కడ ఎవరికి ఏ రోగమొచ్చినా ఇంతే, ముందు మనవాళ్లంతా కూర్చుని తేల్చాలి.

వాళ్లలో మూర్తి ఒక ఫిల్మును అద్దాల తలుపుకు ఆనించి పట్టుకున్నాడు.

“లంగ్స్‌లో ప్రెషర్ ఇంత హైగా ఉంటే ఎలా ఆపరేట్ చేస్తారోయ్? టేబుల్ మీదే పోతుంది,” అన్నాడు, నళిని అందించిన వడ తీసుకుంటూ.

“కిడ్నీ డాక్టరు మీరు, లంగ్స్ గొడవ మీకెందుకండీ?” అంది అతని భార్య భానుమతి.

“పిల్లల డాక్టరువి, నీకు మాత్రం ఎందుకూ?”

అందరూ నవ్వారు. శ్యామ్‌సుందర్ నవ్వలేదు. “కొన్నాళ్లు వెయిట్ చేద్దామా అన్నయ్యా?” అని మూర్తిని అడిగాడు.

నళిని కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. అందరి కళ్లూ ఫిల్ము మీదే.

నాకు విసుగెత్తిపోయింది. “ఫిల్ములో నళినినే చూస్తారేం నాయనా? అసలు మనిషి ఇక్కడ నిలబడి ఉంది. దాన్నొక మాట అడగండి,” అన్నాను.

ఎవరూ అడగలేదు. నేనే అడిగాను. “ఏమంటావే?”

“ఏమంటానమ్మా. మీనాకి ఒక జడ వేసేసరికే కూలబడుతున్నాను. రెండో జడకి లేవలేను. అది సగం తలతో నా ముందు నిలబడే ఉంటుంది.”

“టేబుల్ మీద ఏమన్నా అయితే?” అన్నాడు శ్యామ్‌సుందర్.

“ఇప్పుడు మాత్రం బతుకుతున్నానా? నేను వెళ్తానండీ. ఆ సర్జనుకి ఫోన్ చెయ్యండి.”

భానుమతి ఆమె చేతిలోని పళ్లెం తీసుకుని కూర్చోబెట్టింది. మూర్తి ఫిల్మును దించేశాడు. ఫోన్ పెట్టేశాక శ్యామ్‌సుందర్, “థర్స్‌డే రమ్మన్నారు,” అన్నాడు.

నళిని నా భుజం మీద తల వాల్చింది.

“మళ్లీ గొట్టం పెడతారుగా అమ్మా.”

“పెడతారే.”

“పెట్టనీలే,” అని కళ్లు మూసుకుంది.