ఎడమ చేతి స్వరాలు

ముప్ఫై ఏళ్లుగా ఎలక్ట్రానిక్ కీబోర్డులు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా అబ్బిన విద్య ఒకటే. తెచ్చినవాళ్ల మాట వినకూడదు, పెట్టె మాట వినాలి. తెచ్చినవాళ్లు అసలు జబ్బు తప్ప అన్నీ చెబుతారు. అస్సలు మోగడం లేదని ఏడుపుమొహంతో వస్తాడొకడు. వెనక హెడ్‌ఫోన్ పిన్ను విరిగి లోపలే ఉండిపోయి ఉంటుంది. కంప్యూటర్‌కి కలిపితే పలకడం లేదని ఇంకొకడు పోట్లాటకొస్తాడు. చూస్తే రెండు మిడి వైర్లూ ఒకదాని చోట ఒకటి గుచ్చి ఉంటాయి. మార్చి చేతికిస్తే, నిన్నటిదాకా అలాగే పనిచేసిందంటాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం వీళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

అందుకే ఎవరి కథా చివరిదాకా వినేవాణ్ని కాదు. టీచరమ్మ కథ కూడా వినలేదు.

ఆవిడ చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. పాత కీబోర్డును దుప్పటిలో చుట్టి తెచ్చింది. బల్ల మీద పెట్టి మీట వేస్తే, లోపలి బ్యాటరీ అయిపోవస్తోందని తెర మీద అక్షరాలు వచ్చాయి. మధ్యలో ఒక మెట్టు నొక్కి వదిలినా మోగుతూనే ఉంది. నేను స్టూలు మధ్యకు లాగి వేస్తే, ఆవిడ దాన్ని ఎడమ పక్కకు జరుపుకుని కూర్చుంది.

"మా ఆయన పోయి ఏడు నెలలైంది బాబూ. ఆయన వాయించింది దీంట్లో ఒక్క పాటే ఉంది. అది పోకుండా చూడు."

భయం న్యాయమైనదే. ఆ రకం పెట్టెల్లో జ్ఞాపకమంతా రూపాయి బిళ్లంత బ్యాటరీ మీద బతుకుతుంది. అది తీశామా, ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు మిడి వైరు మీదుగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటానని చెప్పాను. పాట ఎక్కుతుందా అని అడిగింది. చప్పుడు ఎక్కదనీ, ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నది మాత్రమే ఎక్కుతుందనీ, దాన్నిబట్టి పెట్టే మళ్లీ వాయిస్తుందనీ చెప్పాను.

ఆవిడ మెట్లకేసి చూసింది.

"అంటే ఆయన వేళ్లన్నమాట. నొక్కింది నొక్కినట్టే ఉంటుందా?"

ఉంటుందన్నాను. ఆఖర్లో ఆయనకి ఒంట్లో బాగాలేక అంటూ ఏదో మొదలుపెట్టబోయింది. నాకు వదిలేసి గురువారం రమ్మని పంపేశాను.

మోగుతున్న మెట్టు కింద దుమ్ము తుడవడం పది నిమిషాల పని. తర్వాత పాటను కంప్యూటర్‌లోకి తెచ్చి విన్నాను. కుడి చెయ్యి అద్భుతం. చెయ్యి తిరిగిన మనిషి. ఎడమ చెయ్యే ఘోరం. ఒక్కో స్వరమే, అదీ ప్రతిసారీ ఆలస్యంగా పడుతోంది. ఒకచోట తాకీ తాకనట్టు, మరోచోట తలుపు బాదినట్టు. దాని కోసం కుడి చెయ్యి కూడా కాళ్లీడ్చుకుంటూ నడుస్తోంది.

పాపం ముసలితనం అనుకున్నాను. ఇంత గొప్ప వాయిద్యకారుడు ఈ తప్పులతో మిగిలిపోవడం నాకు కష్టమనిపించింది. నన్నెవరూ అడగలేదు. అయినా మూడు గంటలు కూర్చుని, ఎడమ చేతి స్వరాలను ఒక్కొక్కటే తాళంలోకి లాగాను. కుడి చేతిలో సాగిన చోట్లు బిగించాను. గట్టివి మెత్తన చేశాను, మెత్తనివి పైకి తెచ్చాను. తప్పుల కాగితం ఎవరు దాచుకుంటారని, పాతదాని మీదే భద్రపరిచాను. తర్వాత బ్యాటరీ మార్చి, దిద్దిన పాటను పెట్టెలోకి తిరిగి ఎక్కించాను. ఆ పూట అన్నం తినడం కూడా మరిచిపోయాను, అంత సంతోషం.

గురువారం ఆవిడ వచ్చి మళ్లీ ఎడమ పక్కనే కూర్చుంది. పాట మొదలవగానే మొహం విప్పారింది. అంతలో ఆవిడ చూపుడువేలు ఎడమ చివరి మెట్ల మీదకు లేచింది. అది దిగేలోపే ఆ స్వరం మోగిపోయింది. మళ్లీ లేచింది. మళ్లీ అంతే. ఆవిడ చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"ఇది ఆయన కాదు బాబూ."

నాకు రోషం వచ్చింది. ప్రతి స్వరమూ ఆయనదేననీ, ఎడమ చెయ్యి వెనకబడుతుంటే సరిచేశాననీ, మూడు గంటలు పట్టిందనీ చెప్పాను. మెచ్చుకుంటుందని ఇంకా ఆశే.

"ఎడమ చెయ్యి ఆయనది కాదు. నాది."

పక్షవాతంతో ఆయన ఎడమ చెయ్యి పడిపోయిందట. అంతకుముందు ఆవిడ ఆ పెట్టెను దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. ఆయన పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మెట్టో గడ్డంతో చూపించేవాడు. ఆవిడ వెతుక్కుని ఒంటివేలితో నొక్కేదాకా కుడి చేతిని అలాగే పట్టుకుని ఆగేవాడు. ఆలస్యమైందని ఆవిడ నొచ్చుకుంటే, "నువ్వు తయారయ్యేదాకా నలభై ఏళ్లు గుమ్మంలో నిలబడ్డవాణ్ని, ఇదో లెక్కా" అనేవాడట.

నేను కంప్యూటర్ అంతా వెతికాను. దొరకదని తెలుసు. ఆవిడ చూస్తుండగా వెతకకుండా ఉండలేక వెతికాను. పాత బ్యాటరీ బల్ల మీద మూకుట్లో మరమేకుల మధ్య పడి ఉంది.

"పోయిందమ్మా. నేనే పోగొట్టాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఏదో ఒకటి చెయ్యాలని, పాటలో ఎడమ చేతి స్వరాలు మోగకుండా చేసి, మీరే మళ్లీ నొక్కండమ్మా, కొత్తగా ఎక్కిద్దామన్నాను. ఆవిడ బడిపిల్లలా బుద్ధిగా వేలు చాపింది.

మొదటిది పడేసరికి పాట ముందుకు వెళ్లిపోయింది. రెండోది ఇంకా వెనకబడింది. మూడోదానికి వేలు మెట్టు మీద ఆగింది. ఇదేనా అన్నట్టు ఆవిడ కుడివైపు తలెత్తి చూసింది. అక్కడ ఎవరూ లేరు. కుడి చేతి స్వరాలు నేను దిద్దిన తాళంలో చక్కగా నడిచిపోతున్నాయి.

"ఆగడం లేదు," అంది.

నేను చెయ్యి చాపి పాటను ఆపేశాను. అప్పుడు ఆవిడ ఆ మెట్టు నొక్కింది. ఆ ఒక్క స్వరం పలికింది. కుడివైపు నుంచి తర్వాతిది వస్తుందేమోనని, వేలు తియ్యకుండా, చాలాసేపు అలాగే కూర్చుంది.